పాత యజమాని కోసిన వైర్లు, వేసిన రంధ్రాలు

నేను కొన్న పాత కారులో మునుపటి యజమాని అదనపు లైట్ల కోసం హెడ్‌లైట్ వైర్లనే కోసి, మెలితిప్పి, టేపు చుట్టాడు. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే పరికరం) లేదు, ఫ్యూజు లేదు. 12 వోల్టుల మీద 55 వాట్ల బల్బులు రెండు కలిసి 9 ఆంపియర్లకు పైగా లాగుతాయి. ఆ భారమంతా సన్నని తీగ మీద పడి దాని తొడుగు కరిగిపోయింది. కారు తగలబడే పని ఇది, క్షమించలేను.

ముందు బ్యాటరీ నెగటివ్ విప్పాను. కరిగిన ముక్క తీసేసి, అంతే మందమున్న తీగ అతికించి, హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే ముడుచుకుని తీగను పట్టేసే తొడుగు) తొడిగాను. లైట్లకు బ్యాటరీ నుంచి వేరే లైను లాగాను: బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు, ఆ తర్వాత రిలే. స్విచ్ ఇప్పుడు రిలేను మాత్రమే నడుపుతుంది.

పాత యజమాని బాడీకి వేసిన రంధ్రాల అంచుల్లో తుప్పు గీకి, ప్రైమర్ పూసి, రబ్బరు బిరడాలు బిగించాను. డ్యాష్‌బోర్డులో అతను కోసిన చోటు అలాగే ఉంది. దానివల్ల ప్రమాదం లేదు, సరిపోయే ప్యానెల్ దొరికినప్పుడు మారుస్తాను.