రివాల్వర్‌కి సరైన తూటాలు ఎలా ఎంచుకోవాలి?

మా పెద్దనాన్న లైసెన్స్ రివాల్వర్‌కి రౌండ్లు తేవాలంటే తోడుగా గన్ షాప్‌కి వెళ్లా. కౌంటర్లో కుర్రాడు "థర్టీ టూనే కదా సార్" అంటూ డబ్బా పెట్టాడు. పెద్దనాన్న కళ్లజోడు సర్దుకుని ఒక తూటా తీసి అటూ ఇటూ తిప్పి చూసి "ఇది పిస్టల్‌ది బాబూ, వెనక్కి పెట్టు" అన్నారు. అందుకే ఇది రాస్తున్నా, ఎందుకంటే .32 అని లావు చెప్పే ఒక్క నంబర్ చెప్పి తూటాలు కొనే వాళ్లు మనలో చాలామంది.

ముందు రివాల్వర్ ఖాళీ చేయండి. సిలిండర్ తెరిచి తూటాలు పెట్టే గదులన్నీ కళ్లతో చూసి, వేలితో కూడా తడిమి చూడండి. తర్వాత బ్యారెల్ మీదో ఫ్రేమ్ మీదో చెక్కిన అక్షరాలు చదవండి, నంబర్ ఒక్కటే కాదు, పక్కన ఉన్న పేరు కూడా. కాన్పూర్‌లో తయారయ్యే మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్లు, 2014లో వచ్చిన నిర్భీక్‌తో సహా, .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ అనే తూటాకి చేసినవి. అరిగిపోయి కనపడకపోతే ఊహించొద్దు, తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌కి చూపించండి. లైసెన్స్‌లో రాసిన బోర్ (అంటే గొట్టం లోపలి కొలత), ఎన్ని రౌండ్లు కొనొచ్చో కూడా అప్పుడే చూసుకోండి. .38, .455, 9 ఎంఎం లాంటివి మనకి ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషేధించిన కొలతల కిందకి వస్తాయి, అవి మామూలు లైసెన్స్ మీద అడిగేవి కావు.

ఇక అసలు తిరకాసు. .32 ఏసీపీ అని పిస్టల్ తూటా ఒకటుంది. రెండూ పక్కపక్కన పెట్టండి, రివాల్వర్ తూటా ఇత్తడి ఖోకా (గుండు, మందు పట్టి ఉంచే గొట్టం) 23 మిల్లీమీటర్లు పైన పొడవుంటుంది, పిస్టల్‌ది 17 మాత్రమే. రివాల్వర్‌దానికి అడుగున అంచు బయటికి బాగా పొడుచుకొచ్చి ఉంటుంది, గదిలోకి జారిపోకుండా పట్టి ఉంచేది ఆ అంచే. పిస్టల్‌దానికి అంచు చాలా చిన్నది, గుండు మీద సాధారణంగా రాగి రంగు తొడుగు ఉంటుంది. చిక్కేంటంటే ఈ పొట్టిది కూడా చాలా .32 రివాల్వర్ల గదుల్లో దూరిపోతుంది, పేలినా పేలుతుంది, కానీ దాని ప్రెజర్ ఎక్కువ, పాత రివాల్వర్ అయితే అసలు తట్టుకోకపోవచ్చు. పట్టింది కదా అని సరిపోయినట్టు కాదండీ!

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇదే గొడవ .38 స్పెషల్, .357 మాగ్నమ్‌తో వస్తుంది. 1935లో మాగ్నమ్ తెచ్చినప్పుడు ఖోకాని కావాలనే 3 మిల్లీమీటర్లకి పైగా పొడవు చేశారు, పాత .38 స్పెషల్ రివాల్వర్లలో అది దూరకూడదని. కాబట్టి .357 దాంట్లో .38 స్పెషల్ వాడొచ్చు, ఉల్టా చేయకూడదు. డబ్బా మీద ప్లస్ పీ అని ఉంటే మామూలు దానికంటే ప్రెజర్ ఎక్కువని అర్థం, మీ రివాల్వర్ మాన్యువల్ ఒప్పుకుంటేనే కొనండి.

గుండు రకం దగ్గర మరీ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ముక్కు గుండ్రంగా ఉన్న సీసం గుండు మామూలు వాడకానికి చాలు, .32 లాంగ్‌లో ఎక్కువగా 98 గ్రెయిన్ ఉంటుంది, అంటే 6 గ్రాముల పైన. ముందు భాగం చదునుగా కోసినట్టుండే వాడ్‌కట్టర్ గుండు షూటింగ్ రేంజ్‌లో టార్గెట్ కొట్టేవాళ్లకి, కాగితం మీద గుండ్రంగా నీట్‌గా చిల్లు పడుతుంది.

కొనేముందు డబ్బాలో తూటాలు ఒక్కొక్కటీ తిప్పి చూడండి. అడుగున మధ్యలో ఉండే ప్రైమర్ (దెబ్బ తగిలితే మందు అంటించే చిన్న బిళ్ల) ఉబికి ఉంటే సిలిండర్ తిరగనీయదు. సొట్టలున్నవి, గుండు వదులుగా కదిలేవి వద్దు. ఎవరో ఇంట్లో రీలోడ్ చేసినవి, అంటే పాత ఖోకాల్లో మళ్లీ మందు, గుండు పెట్టినవి, ఫ్రీగా ఇచ్చినా నేనైతే తీసుకోను. రేంజ్‌లో ఎప్పుడైనా చప్పుడు టుప్ మని తక్కువగా వస్తే అక్కడే ఆపేయండి, గుండు బ్యారెల్లో ఇరుక్కుని ఉండొచ్చు, వెనకాలే ఇంకోటి పేలిస్తే బ్యారెల్ పగులుతుంది.

ఇంకోటి, తూటాల్ని తోలు బెల్ట్ లూపుల్లో గుచ్చి నెలల తరబడి వదిలేయకండి. ఎలక్షన్లప్పుడు రివాల్వర్ స్టేషన్లో డిపాజిట్ చేశాక పెద్దనాన్న బెల్ట్‌ని బీరువాలోనే మర్చిపోయారు, తిరిగి తెచ్చుకుని చూస్తే ఆరు తూటాలకీ లూపు తగిలిన చోట ఆకుపచ్చగా చిలుం పట్టి ఉంది. తుడిచి వాడదాం అన్నా నేను. ఆయన వినలేదు, ఆరూ డీలర్‌కి అప్పజెప్పి కొత్తవి తెచ్చుకున్నారు, ఈసారి డబ్బాలోనే ఉంచారు.