గోడ లేపే ముందు ఇటుక చూసుకోండి

పర్లాకిమిడి వైపు ఇల్లు మొదలుపెడుతున్నవాళ్లు, లోడు దింపకముందే నాలుగు ఇటుకలు చేతిలోకి తీసుకోండి. దింపాక బట్టీవాళ్లతో గొడవపడి లాభం ఉండదు.

– రెండు ఇటుకలు ఒకదానితో ఒకటి తట్టండి. ఖంగుమనాలి. మొద్దు శబ్దం వస్తే సరిగా కాలనట్టే. గోరుతో గీస్తే గీత పడకూడదు. మీటరు ఎత్తు నుంచి నేల మీద వదిలితే పగలకూడదు.

– అసలు పరీక్ష నీళ్లది. పొడి ఇటుకను తూచి, 24 గంటలు నానబెట్టి, తుడిచి మళ్లీ తూచండి. 3 కిలోలది 3.6 కిలోలు దాటిందంటే 20 శాతానికి మించి నీళ్లు తాగినట్టు. ఆ లోడు వద్దనండి. మన వానలకు అలాంటి గోడ చెమ్మ పీలుస్తూనే ఉంటుంది. పిల్లలు పడుకునే గదికి అది అస్సలు మంచిది కాదు.

– మట్టి ఇటుకను తడిపే కట్టాలి. పొడిగా పెడితే మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద)లోని నీళ్లు లాగేసుకుంటుంది, పట్టు రాదు. అలాగని నీళ్లు కారుతుండగా పెట్టొద్దు. ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) ఇటుకకు పైపైన చల్లితే చాలు.

– మేస్త్రీ ఎంత తొందరపెట్టినా రోజుకు మీటరున్నర ఎత్తు దాటనివ్వకండి.

– క్యూరింగ్‌కు, అంటే కట్టిన గోడను తడుపుతూ ఉంచడానికి, కనీసం 7 రోజుల నీళ్లు ముందే చూసుకోండి.