22 ఏళ్లకే బీపీ: నాకు ఎలా తగ్గిందంటే

ఉద్యోగానికి చేయించిన మెడికల్ టెస్టులో బీపీ 148/94 వచ్చింది, ఈ వయసులో బీపీ ఏంటి, టెన్షన్ వల్లే అని ఇంట్లో కొట్టిపారేశారు. డాక్టరుగారు మాత్రం నా జబ్బకి సరిపోయేలా బీపీ మిషన్‌కి పెద్ద పట్టీ తెప్పించి (చిన్నది బిగిస్తే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది), ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టి మళ్లీ చూశారు. అప్పుడూ ఎక్కువే. ఇంత చిన్న వయసులో వస్తే కిడ్నీలు చూడాల్సిందే అని పరీక్షలు రాశారు, అవి బాగానే ఉన్నాయి. ఇక మిగిలింది ఉప్పు, బరువు, నిద్ర. పెరుగన్నంలోకి ఆవకాయ, నంజుకోడానికి ఊరమిరపకాయ, పక్కన అప్పడం... రోజుకి 5 గ్రాములు దాటకూడని ఉప్పు నాకు మధ్యాహ్నానికే అయిపోయేది. అమ్మ జాడీ అటకెక్కించింది, నేను ఎనర్జీ డ్రింకులు మానేసి సాయంత్రాలు నడిచాను. బరువు తగ్గేకొద్దీ మందుల్లేకుండానే పై అంకె 120కి దగ్గరైంది. అందరికీ ఇలాగే తగ్గుతుందని కాదు, మందు రాస్తే వేసుకోవాల్సిందే. టీనేజీ పిల్లలకి కూడా ఒకసారి బీపీ చెక్ చేయించండి, అంత బీపీ ఉన్నా నాకైతే తలనొప్పి కూడా లేదు.