నెట్‌లో షుగర్ గురించి వెతికేటప్పుడు చూపు ఎక్కడ ఆగుతుందో ఐ ట్రాకింగ్‌తో చూడాలంటే

ముందు పాల్గొనేవాళ్ళకి ఇచ్చే టాస్క్ సరిగ్గా రాసుకోండి, సగం పని అక్కడే ఉంది. "షుగర్ గురించి వెతకండి" అంటే ఎవరికి తోచింది వాళ్ళు వెతుకుతారు, తర్వాత ఒకరితో ఒకరిని పోల్చలేం. అలా కాకుండా "మీ నాన్నగారికి పరగడుపున షుగర్ 118 వచ్చింది, అది షుగర్ జబ్బేనా కాదా తేల్చండి" అనండి. 100 నుంచి 125 వరకు ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకి ముందు దశ కాబట్టి వాళ్ళ జవాబు కరెక్టో కాదో మీకు తెలిసిపోతుంది. సొంత జబ్బు గురించి మాత్రం వెతికించొద్దు, స్క్రీన్ మొత్తం రికార్డవుతుంది కదా, ఆ సంగతి ముందే చెప్పి సంతకం తీసుకోండి.

ట్రాకర్, అంటే చూపుని పట్టే పరికరం, కంటి మీదకి ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు వేసి, కంటిపాపని, కనుగుడ్డు మీద మెరిసే చుక్కని చూసి చూపు ఎటుందో లెక్కేస్తుంది, అందుకే కిటికీలోంచి ఎండ పడితే లెక్క తప్పుతుంది, కర్టెన్ వేసేయండి. స్క్రీన్‌కి 60, 65 సెంటీమీటర్ల దూరంలో కూర్చోబెట్టండి, అటూ ఇటూ కదిలే చక్రాల ఆఫీసు కుర్చీ వద్దు. దట్టంగా కాటుక పెట్టుకున్నా, బైఫోకల్ కళ్ళద్దాలున్నా కాలిబ్రేషన్ (స్క్రీన్ మీద చుక్కలు చూపించి ట్రాకర్‌ని ఆ మనిషి కళ్ళకి సరిచేసుకోవడం) ఒక పట్టాన కుదరదు. అలాగని పెద్దవాళ్ళని పక్కన పెట్టేయకండి, ఈ సమాచారం ఎక్కువ కావాల్సింది వాళ్ళకే! ఓపిగ్గా 9 చుక్కల కాలిబ్రేషన్ మళ్ళీ చేయండి.

ఆ దూరంలో చూపు లెక్క ఒక్క డిగ్రీ తేడా వస్తే స్క్రీన్ మీద దాదాపు ఒక సెంటీమీటరు పక్కకి పోతుంది. తెలుగులో పైన గుడులు కింద వత్తులు, లైన్లు ఇరుకుగా ఉంటే ఏ లైన్ చదువుతున్నారో చెప్పలేం. కాబట్టి ఎక్కడ ఎంతసేపు చూశారో లెక్కేయడానికి పేజీ మీద పదానికో బాక్స్ గీయకండి, యాడ్, టైటిల్, సైట్ పేరు, పేరా, ఇలా పెద్ద బాక్సులే గీసుకోండి. వెబ్‌క్యామ్‌తో చేసే వెబ్‌గేజర్ లాంటివి ఫ్రీయే గానీ, చూపు పేజీలో ఏ భాగం మీదుందో చెప్పడానికే పనికొస్తాయి.

ఇక అసలు విషయం. చదివేటప్పుడు చూపు ఒక్కో చోట సుమారు 200 నుంచి 300 మిల్లీసెకన్లు ఆగుతుంది, ఎక్కువ ఆగితే నచ్చిందని అర్థం కాదు. మా దగ్గర ఒక పెద్దావిడ ఒకే పేరా మీద చాలాసేపు ఉండిపోయింది, ఎక్కువ చూసిన చోటుని ఎర్రగా చూపించే హీట్‌మ్యాప్‌లో అక్కడంతా ఎర్రగా వచ్చింది, బాగా ఉపయోగపడిందనే రాసుకున్నాం. ఆవిడ చూపు ఎలా కదిలిందో రికార్డైన వీడియో వేసి చూపిస్తే "ఎన్నిసార్లు చదివినా అర్థం కాలేదమ్మా, అందుకే కిందకి పోయా" అంది. అప్పట్నుంచి మనిషి లేచి వెళ్ళకముందే రీప్లే నెమ్మదిగా వేసి, "ఇక్కడ ఏమనుకున్నారు?" అని అడుగుతున్నాం. "ఇది నచ్చిందా?" అని మాత్రం అడగొద్దు, మొహమాటానికి అవుననేస్తారు.