సెల్ఫ్ హెల్ప్ సలహాను నమ్మే ముందు ఎలా పరీక్షించాలి?

విజయం గురించిన వీడియో చూసిన రోజు ఎక్కడలేని ఉత్సాహం వస్తుంది. మూడు వారాలు తిరిగేసరికి కొత్త అలవాటు నిలవదు, ‘నాలోనే ఏదో లోపం ఉంది’ అనే బాధ మిగులుతుంది. చాలాసార్లు లోపం మనలో కాదు, సలహాలోనే ఉంటుంది. అందుకే ఆచరించే ముందు దాన్ని పరీక్షించాలి.

1. సలహాను ఒక్క వాక్యంలో రాయండి

అలా రాస్తే దాన్ని తప్పో ఒప్పో తేల్చే వీలుందో లేదో తెలుస్తుంది. ‘నిన్ను నువ్వు నమ్ముకో, గెలుస్తావు’ అన్న మాటను ఎవరూ తప్పని తేల్చలేరు. గెలిస్తే నమ్మకం వల్ల అంటారు, ఓడితే నమ్మకం చాల్లేదంటారు. ఇలాంటి మాట విని ఉద్యోగం మానేయడం లాంటి పెద్ద నిర్ణయాలు తీసుకోవద్దు.

2. అది ఎక్కడ పుట్టిందో వెతకండి

‘21 రోజులు చేస్తే అలవాటైపోతుంది’ అన్నది చూడండి. ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటుపడడానికి కనీసం 21 రోజులు పడుతుందని ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960లో రాశారు. నోళ్లు మారేసరికి అందులో ‘కనీసం’ పోయింది. తర్వాత లండన్ పరిశోధకులు కొత్త అలవాటు చేసుకుంటున్న 96 మందిని గమనించారు. సగం మందికి 66 రోజులకు పైనే పడుతుందని తేలింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చని అంచనా వేశారు. కాబట్టి 22వ రోజున కష్టంగా అనిపిస్తే అది సహజమే.

3. మళ్లీ చేసి చూశారా?

సంకల్పబలం వాడేకొద్దీ తరిగిపోతుందని 1998లో ఒక ప్రయోగం చెప్పింది. 2016లో 23 ల్యాబ్‌లు రెండు వేల మందికి పైగా మనుషులతో దాన్ని మళ్లీ పరీక్షించి చూస్తే ఆ ప్రభావం దాదాపు కనిపించలేదు.

4. పరిస్థితుల పాత్ర ఎంత?

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే ప్రశ్న ఇదే. మిఠాయి ముందు పెట్టి, ఆగితే రెండోది ఇస్తామని చిన్నపిల్లలకు చెప్పిన ప్రయోగం చాలామంది వినే ఉంటారు. ఆగినవాళ్లే జీవితంలో పైకొస్తారని దాన్ని చెప్పుకుంటారు. కానీ 2018లో తొమ్మిది వందల మందికి పైగా పిల్లల వివరాలు చూస్తే, కుటుంబ నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం చాలావరకు తగ్గిపోయింది. అంతకుముందు 2013లో అలాంటిదే ఇంకో ప్రయోగం వెలువడింది. మాట తప్పిన పెద్దమనిషి దగ్గర పిల్లలు సగటున మూడు నిమిషాలే ఆగారు, మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పన్నెండు నిమిషాలు ఆగారు. మాట మీద నమ్మకం లేని చోట ఎదురుచూడకపోవడాన్ని బలహీనత అని ఎలా అంటాం?

5. ఓడినవాళ్ల గురించి అడగండి

అదే దారిలో నడిచి విఫలమైనవాళ్లు వేదికల మీద కనిపించరు.

6. చిన్నగా ప్రయత్నించండి

‘నేను క్రమశిక్షణ గల మనిషిని’ అని బిరుదు తగిలించుకోకండి. ఒక్కరోజు తప్పితే ఆ బిరుదే గుచ్చుతుంది. ‘కాఫీ తాగగానే పది నిమిషాలు చదువుతాను’ అని పనికి వేళ ముడిపెట్టండి. ఫోన్‌ను వేరే గదిలో ఉంచండి. రెండు నెలలు నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫలితం లేకపోతే ‘నేను ఓడిపోయాను’ అని కాకుండా ‘ఈ పద్ధతి నాకు పనిచేయలేదు’ అని రాసి, వేళనో చోటునో మార్చి మళ్లీ మొదలుపెట్టండి.