పదో తరగతి పరీక్షలో నంబరు ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు?

మార్చి వచ్చిందంటే విజయవాడలో ఏదో ఒక హైస్కూలు గదిలో నాకు ఇన్విజిలేషన్ పడుతుంది. జవాబు రాక బెంబేలెత్తే పిల్లలకంటే కాగితాలు నింపలేక బెంబేలెత్తేవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. అందుకే ఈ నాలుగు ముక్కలూ.

పట్టుకెళ్ళాల్సినవి

హాల్ టికెట్, అట్ట, స్కేలు, జామెట్రీ బాక్సు, రెండు నీలం బాల్ పెన్నులు. జెల్ పెన్ను వద్దు. ఈ ఉక్కకి అరచెయ్యి చెమట పట్టి అక్షరాలు అలుక్కుపోతాయి. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి పాదాల దగ్గర పెట్టి తెచ్చిన పెన్నయినా సరే, ముందురోజు రెండు పేజీలు రాసి చూడాల్సిందే. ఫోను, స్మార్ట్ వాచీ ఇంట్లోనే.

బయల్దేరడం

పరీక్ష 9:30కి. 8:45కల్లా గేటు దగ్గర ఉండాలి. బెంజి సర్కిల్ దాటి రావాల్సినవాళ్ళు ఇంకా ముందే కదలండి. హాల్ టికెట్ చూపిస్తే ఆర్టీసీ పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ బస్సుల్లో చార్జీ ఉండదు. లోపలికెళ్ళేముందు జేబులు ఓసారి తడుముకోండి. నిన్నటి నోట్సు ముక్క మరిచిపోయి ఉంచుకున్నా, కాపీ పట్టుకోడానికి వచ్చే స్క్వాడ్ దాన్ని చీటీ అనే అంటుంది. 1997లోనే దీనికో చట్టం వచ్చింది.

ఓఎంఆర్, జవాబు పుస్తకం

కొంపలంటుకునేది ఇక్కడే. నిదానంగా చదవండి.

మీ వివరాలు అచ్చేసిన ఓఎంఆర్ షీటు (యంత్రం చదివే కాగితం), 24 పేజీల జవాబు పుస్తకం ఇస్తారు. ముందు ఓఎంఆర్ చూడండి: పేరు, హాల్ టికెట్ నంబరు, ఆ రోజు సబ్జెక్టు, మీడియం. ‘నాదేలే’ అని సంతకం గీకేయకండి. తప్పుంటే సొంతంగా దిద్దకుండా చెయ్యెత్తండి. ఖాళీ ఓఎంఆర్ తెప్పించి మేమే నింపిస్తాం. బార్‌కోడ్ మీద గీత, మడత, పిన్ను ఏదీ పడకూడదు.

తర్వాత జవాబు పుస్తకం మీదున్న క్రమసంఖ్యని ఓఎంఆర్‌లో చూపిన చోట వేయాలి. ఒక్కో అంకె సరిచూసుకుంటూ వేయండి. అదనపు పుస్తకం, లెక్కల గ్రాఫు, సోషల్ మ్యాపు మీద కూడా ఆ క్రమసంఖ్యే వేయాలి. హాల్ టికెట్ నంబరు కాదు. ఎన్నిసార్లు చెప్పినా ఇది బుర్రకెక్కదు. దానికో కారణముంది: ప్రశ్నపత్రం చేతికి రాగానే దాని మీద హాల్ టికెట్ నంబరు వేయమంటాం. ఆ ఊపులోనే చెయ్యి జవాబు పుస్తకం మీదికీ పోతుంది. కాబట్టి పెన్ను మూత తీసేముందు ఎదురుగా ఉన్నది ఏ కాగితమో చూసుకోండి.

స్పాట్ వాల్యుయేషన్లో, అంటే పేపర్లన్నీ ఒకచోట చేర్చి దిద్దేటప్పుడు, టీచరుకి అది ఎవరి పేపరో తెలియకూడదు. అందుకని లోపలి పేజీల్లో పేరు, సంతకం, స్కూలు పేరు లాంటివేవీ ఉండకూడదు. పేజీ నెత్తిన ఓం, సిలువ, 786 కూడా వద్దు. దేవుణ్ణి మనసులోనే తలుచుకోండి. అన్నిటికంటే పిల్లలు పడిపోయేది లేఖ ప్రశ్నలో. ‘ఇట్లు, మీ మిత్రుడు’ అని అసలు పేరూ, పటమటలో ఇంటి అడ్రసూ రాసేస్తారు. అక్కడ ప్రశ్నలో ఇచ్చిన పేరు రాయండి. ఇవ్వకపోతే ఇంటూ గుర్తులు వరసగా పెడితే చాలు.

రాయడం

మొదటి పావుగంట ప్రశ్నపత్రం చదవడానికే. చివరి సెక్షన్ నుంచి వెనక్కి చదవాలి. లెక్కల్లో 8 మార్కులవి ఐదు, అంటే 40 మార్కులు అక్కడే ఉన్నాయి, ఛాయిస్ కూడా అక్కడే. ఏది రాయాలో ముందే తేల్చుకోండి. కొన్ని స్కూళ్ళలో హెడ్డింగులకి స్కెచ్ పెన్నులు, పేజీ చుట్టూ డబ్బాలు నేర్పించి దాన్ని ప్రెజెంటేషన్ అంటారు. ఆ గీతలకయ్యే టైములో ఒక పెద్ద ప్రశ్న సగం రాయొచ్చు. మార్జిను, ప్రశ్న నంబరు, గుండ్రంగా చేతిరాత ఉంటే చాలు. ఎరుపు, ఆకుపచ్చ సిరా జోలికి పోవద్దు.

చివర్లో

ముందే అయిపోయినా బయటికి పంపరు, అడగొద్దు. ఆఖరి పది నిమిషాల్లో గ్రాఫు, అదనపు పుస్తకం వరసలో ఉన్నాయో లేదో చూసి దారం గట్టిగా ముడేయండి. పేపరు బల్ల మీద వదిలేసి రాకుండా ఇన్విజిలేటర్ చేతికే ఇవ్వండి. హాల్ టికెట్ మళ్ళీ అట్టకి పెట్టుకున్నారో లేదో చూసుకోండి, రేపూ అదే కావాలి.