ఎంఎంటీఎస్ లేఅవుట్ కట్టేవాళ్లు ముందు ప్లాట్‌ఫాం కొలవండి

హైదరాబాద్ ఎంఎంటీఎస్ మోడల్‌గా చిన్న రైల్వే లేఅవుట్ కట్టాలనుకునేవాళ్లు బల్ల కొనేముందే ప్లాట్‌ఫాం పొడవు లెక్క వేసుకోండి, ఎందుకంటే లోకల్ రైలు లేఅవుట్‌లో అన్నిటికన్నా ఎక్కువ చోటు తినేసేది అదే. నిజం ఈఎంయూ (విడిగా ఇంజన్ లేకుండా కరెంటుతో నడిచే లోకల్ రైలు) పెట్టె సుమారు 20.7 మీటర్లు, అంటే హెచ్‌ఓ స్కేల్‌లో (1:87, నిజం సైజులో 87వ వంతు) దాదాపు 24 సెంటీమీటర్లు. 12 పెట్టెల రైలు పెడితే అదొక్కటే 2.86 మీటర్లు! ఇంట్లో అంత చోటు ఎక్కడిది? 3 పెట్టెలు చాలు, 80 సెంటీమీటర్ల ప్లాట్‌ఫాంలో హాయిగా ఆగుతుంది, చూడ్డానికి కూడా లోకల్ లాగే ఉంటుంది.

ఈఎంయూకి రెండు చివర్లా క్యాబ్ ఉంటుంది కాబట్టి ఇంజన్ తిప్పే పని లేదు, గుండ్రంగా తిరిగే లూప్ కూడా అక్కర్లేదు, గోడ వెంట సన్నటి బల్ల మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడిపితే సరిపోతుంది.

తర్వాత పెంచాలనుకుంటే మాత్రం ఇది తప్పకుండా చేయండి. లింగంపల్లి నుంచి వస్తే బేగంపేట దాటాక లైన్ నాంపల్లి వైపు, సికింద్రాబాద్ వైపు చీలుతుంది కదా, మీరు ఇప్పుడు నాంపల్లి వైపే కట్టినా సికింద్రాబాద్ వైపు పాయింట్ (రైలుని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మళ్లించే ముక్క) మొదటి రోజే వేసి, ఆ పట్టాని బల్ల అంచుకి సరిగ్గా లంబంగా తెచ్చి ఆపండి. కంకర అంటించేశాక పాయింట్ దూర్చాలంటే పట్టా మొత్తం పీకాల్సిందే. బల్లల మధ్య వైర్లు సోల్డర్ చేయకుండా ప్లగ్ కనెక్టర్లు పెట్టండి.